కరవది నుంచి శ్రీరంగం దాకా: షేక్ చినమౌలానా తాతగారి సన్నాయి

మన కోస్తా జిల్లాల్లో హిందువుల పెళ్ళికి వెళ్ళినవారందరికీ ఈ సంగతి తెలిసే వుంటుంది. ముహూర్తం దగ్గర పడుతుంది. పురోహితుడు చెయ్యి పైకెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అని కేక వేస్తాడు. డోలు, సన్నాయి ఒక్కసారిగా మిన్నంటుతాయి. మంగళసూత్రం కట్టే వేళ ఏ అపశబ్దమూ వధూవరుల చెవిన పడకూడదని ఆ హోరు. సరిగ్గా ఆ వేళకు పందిట్లో మేళం వైపు తిరిగి చూడండి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా చోట్ల ఆ సన్నాయి పట్టుకొని కూర్చున్న పెద్దమనిషి మన సాయిబే. ఆ పెళ్ళివారికి అది వింత కాదు, ఆ సాయిబుకూ వింత కాదు. ఊరు దాటి బయటినుంచి వచ్చినవారికే ఆశ్చర్యం.

ఆ పెద్దమనుషుల్లో అందరికన్నా ఎత్తుకు ఎదిగినవారు షేక్ చినమౌలానా సాహెబుగారు. సంగీతలోకానికి ఆయన విద్వాంసుడు, పద్మశ్రీ, సంగీత కళానిధి. కాసిం, బాబు అనే యిద్దరు సన్నాయి విద్వాంసులకు మాత్రం ఆయన తాత, గురువు కూడా. మన సావనీరులో తాతముత్తాతలను తలచుకొనేటప్పుడు ఈ తాతగారిని విడిచిపెట్టడం న్యాయం కాదనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన మన జమాతులో పుట్టినవాడని గొప్ప చెప్పుకోవడానికి మాత్రమే అయితే రాయనక్కరలేదు. ఆయన జీవితంలో మనం కూర్చొని ఆలోచించుకోవలసిన సంగతులు కొన్ని వున్నాయి.

చినమౌలానాగారు 1924 మే 12న కరవదిలో పుట్టారు. కరవది ఒంగోలుకు దగ్గర పల్లె. మద్రాసు, బెజవాడ రైలు మార్గం మీద ఆ పేరుతో చిన్న స్టేషను కూడా వుంది. అప్పటికింకా ప్రకాశం జిల్లా లేదు. ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలో, గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో వుండేవి. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పంతులుగారి పేరు వచ్చింది 1972లో. కనుక ఆయన పుట్టేనాటికి కరవది వారికీ తంజావూరు వారికీ ఒకటే రాష్ట్రం, ఒకటే రాజధాని. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

వారిది సన్నాయి కుటుంబం. తరతరాలుగా, కొందరు చెప్పే లెక్కన మూడు వందల ఏళ్ళుగా, ఆ యింట ఈ వాద్యమే వృత్తి. పిల్లవాడు నడక నేర్చేటప్పటికే చెవిలో శ్రుతి పడి వుంటుంది. ఇంటి విద్య అయిన తరువాత చిలకలూరిపేటకు చెందిన షేక్ ఆదం సాహెబుగారి దగ్గర శిష్యరికం చేశారు. చిలకలూరిపేట అంటే ఇప్పటివారికి ప్రత్తి, పొగాకు, లారీలు గుర్తుకు వస్తాయి. సన్నాయి తెలిసినవారికి మాత్రం అది గురువుల ఊరు.

అసలు ముస్లిములు సన్నాయి చేపట్టడం ఏమిటి అని మన పిల్లలే అడుగుతుంటారు. జవాబు చెప్పాలంటే మన పల్లెల సంగతి కొంచెం చెప్పాలి. ఈ విద్యలో వున్న కుటుంబాల్లో ఎక్కువమంది దూదేకుల వారు. నూర్‌బాషా అన్నా, పింజారి అన్నా, లద్దాఫ్ అన్నా వారే. దూది ఏకడం కులవృత్తి. భుజాన విల్లు వేసుకొని ఊరూరా తిరిగి, పరుపులకూ దిండ్లకూ, నూలు వడికేవారికీ దూది ఏకి యిచ్చేవారు. జిన్నింగు మిల్లులు వచ్చిన తరువాత ఆ పనికి గిరాకీ పోయింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు. చదివేది కల్మా. పేర్లు చూస్తే కొందరికి సగం అటు, సగం యిటు. ఊరి గుడితో, ఊరి పెళ్ళితో, ఊరి పీర్లపండుగతో కలిసిపోయిన బతుకులు. గుడిలో మేళం వాయించేవారికి మాన్యాలు వుండేవి, పెళ్ళిళ్ళకు సంభావనలు వుండేవి. మంగలివారి యిళ్ళల్లో సన్నాయి ఎట్లా కులవిద్యగా నిలిచిందో, ఈ సాయిబుల యిళ్ళల్లో కూడా అట్లాగే నిలిచింది. దర్గా గంధం ఊరేగింపులో ముందు నడిచే మేళమూ, రథోత్సవంలో ముందు నడిచే మేళమూ ఒక్కొక్క ఊళ్ళో ఒకటే అయి వుండేది.

ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పక తప్పదు. దూదేకుల వారిని మనవాళ్ళే కొందరు చిన్నచూపు చూశారు. ఉర్దూ రాదని, పేర్లు సరిగా లేవని, పిల్లను యివ్వడానికీ తెచ్చుకోవడానికీ వెనుకాడారు. అటు చూస్తే సాయిబులు, యిటు చూస్తే తెలుగువాళ్ళు అని ఎగతాళి చేసిన సామెతలు కూడా లేకపోలేదు, వాటిని యిక్కడ రాయను. 1970లో ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా ప్రకటించినప్పుడు వారిని 'బి' గ్రూపులో చేర్చింది. దానివల్ల చదువులకూ ఉద్యోగాలకూ కొంత ఆసరా దొరికింది. గౌరవం అనేది జీవోలతో వచ్చేది కాదు కదా. బుర్రకథ పితామహుడని పేరు పొందిన షేక్ నాజర్‌గారు (1920–1997) తన ఆత్మకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నారంటే, ఆ మాట విని విని, చివరకు దాన్నే తలకెత్తుకొన్నారని నాకు తోస్తుంది. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. చినమౌలానాగారికి అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1977లో వచ్చింది. ఒకరు గుంటూరు పక్క పొన్నెకల్లు, ఒకరు ఒంగోలు పక్క కరవది. నాలుగేళ్ళ తేడాతో పుట్టినవారు. మన పల్లెల సత్తా ఎంతటిదో చూడండి.

సన్నాయి గురించి తెలియనివారికి నాలుగు మాటలు. గట్టి కర్రతో తొలిచిన గొట్టం, పైన సన్నం, కింద వెడల్పు, అడుగున గంట ఆకారంలో మూత. పొడవు రెండున్నర అడుగులు దాటి వుంటుంది. వేళ్ళకు ఏడు రంధ్రాలే. కింద మరికొన్ని రంధ్రాలు వుంటాయి గాని వాటిని మైనంతో మూసి, తెరిచి శ్రుతి సరిచేసుకొంటారు. తమిళనాట దీనికి ఆచ్చా కర్ర వాడతారు. పాత యిళ్ళు పడగొట్టినప్పుడు దొరికే ఏళ్ళనాటి దూలాలైతే మరీ మంచిదని కొనుక్కుపోతారు. తంజావూరు సీమలో నరసింగంపేట అనే ఊరు ఈ వాద్యాల తయారీకి ప్రసిద్ధి. 2022లో ఆ ఊరి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు కూడా దొరికింది. నోట పెట్టుకొనే పీకను వారు సీవాళి అంటారు. కావేరి ఒడ్డున పెరిగే ఒక జాతి రెల్లుతో దాన్ని చేస్తారు. సన్నాయికి దారాలతో వేలాడుతూ కనిపించే చిన్న చిన్న వస్తువులు అలంకారానికి కావు. అవి వేరే పీకలు, వాటిని సరిచేసుకొనే సూది.

హార్మోనియం మీద మెట్టు నొక్కితే స్వరం పలుకుతుంది. సన్నాయి మీద అట్లా కాదు. రంధ్రం మీద వేలు అట్లాగే వుంటుంది, ఊపిరి బిగువు, పెదవి బిగువు మారితే స్వరం మారిపోతుంది. గమకమంతా ఊపిరిలోనే. ఆరుబయట, మైకు లేకుండా, ఊరంతా వినపడేటట్లు ఊదుతూ, అదే వాద్యం మీద జోలపాట అంత మెత్తగా కూడా పలికించాలి. గంటల తరబడి ఊరేగింపు వెంట నడుస్తూ ఊదాలి. ఛాతీ బలం, పొట్ట బలం, పంటి బలం కావాలి. పళ్ళు పోతే విద్య పోయినట్లేనని మేళగాళ్ళు నవ్వుతూనే అంటారు గాని, అది నవ్వులాట మాట కాదు.

ఇంతటి విద్య చేతికి వచ్చిన చినమౌలానాగారు కరవదిలోనే వుండి, పెళ్ళిళ్ళూ ఉత్సవాలూ చేసుకొంటూ మన జిల్లాల్లో పెద్ద పేరుతో బతకవచ్చు. తన తరంలో చాలామంది అట్లాగే బతికారు, అందులో తప్పేమీ లేదు. ఆయన అట్లా చేయలేదు. ఇంటి విద్య, గురువు విద్య అయిపోయిన తరువాత మళ్ళీ శిష్యుడుగా మారి తమిళదేశం వెళ్ళారు. కుంభకోణం దగ్గర నాచ్చియార్‌కోయిల్ అనే ఊళ్ళో రాజం, దురైకణ్ణు అనే సోదర విద్వాంసులు వుండేవారు. వారి దగ్గర తంజావూరు బాణీ నేర్చుకొన్నారు.

ఈ బాణీ ఏమిటో చెబితేగాని ఆయన పడిన శ్రమ మనకు తెలియదు. తెలుగునాట సన్నాయి అంటే కీర్తన, స్వరం, వేగం. పెళ్ళి పందిట్లో, ఉత్సవంలో జనాన్ని నిలబెట్టాలి కదా. తంజావూరు వారిది వేరే దారి. రాగాన్ని విడిగా తీసుకొని, తొందర లేకుండా, ఒక్కొక్క స్వరం దగ్గర ఆగి, గంటల తరబడి ఆలాపన చేస్తారు. దేవాలయంలో ఏ వేళకు ఏ రాగం అన్న పద్ధతి వుంటుంది. తెల్లవారుజామున భూపాలం, రాత్రి స్వామి పవళింపుకు నీలాంబరి. దేవుడు ఊరేగింపుకు బయలుదేరేటప్పుడు మల్లారి వాయించాలి, గంభీరనాటలో. అక్కడ తిరువావడుదురై రాజరత్నం పిళ్ళైగారు (1898–1956) అని మహావిద్వాంసుడు వుండేవారు. ఆయన తోడి రాగం అంటే దేశమంతా చెవి వొగ్గేది. పొట్టిగా, హెచ్చు శ్రుతిలో వుండే పాత తిమిరి సన్నాయి స్థానంలో పొడవాటి, తగ్గు శ్రుతి సన్నాయి నిలదొక్కుకోవడానికి ఆయన వాదనే ముఖ్య కారణమంటారు. చినమౌలానాగారి చెవిలో ఆ నాదం పడింది. ఆ తరువాత యిక ఆ దారే.

పెద్దవాడైన తరువాత ఊపిరి తీసే పద్ధతి మార్చుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. చిన్నప్పటినుంచి పెదవికి అలవాటైనది ఒకటి, కొత్తగా నేర్చుకోవలసింది మరొకటి. భాష వేరు. తిండి వేరు. గురువుగారి యింట్లో తెలుగు సాయిబు. అయినా ఆ బాణీ ఆయనకు పట్టుబడింది. ఎంతగా అంటే, తంజావూరు బాణీకి ప్రతినిధిగా తమిళులే ఆయన పేరు చెప్పే స్థితి వచ్చింది.

ఒక విధంగా ఆయనకు తమిళ విద్వాంసులకు లేని వసతి ఒకటి వుంది. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో వుండి రాసినదాంట్లో చాలావరకు తెలుగే. కచేరీలో వాయించే కీర్తనల్లో పెద్ద భాగం ఆయనవే. అక్కడివారు ఆ సాహిత్యాన్ని కంఠతా పట్టి, అర్థం అడిగి తెలుసుకొని వాయించాలి. కరవది సాయిబుకు అది అమ్మ మాట్లాడిన భాష. సన్నాయి మాట పలకదు, నిజమే. కాని ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ అక్షరం దగ్గర నొక్కాలి, ఎక్కడ విరవకూడదు అనేది సాహిత్యం తెలిసినవాడికే తెలుస్తుంది. మాట మధ్యలో ఊపిరి తీసుకొంటే పాట అర్థం మారిపోతుంది. రాముడిమీద రాసిన తెలుగు పాటను తమిళదేశంలో, సన్నాయి మీద, ఒక షేక్ సాహెబు వాయిస్తుంటే అక్కడి పండితులు తలలూపి విన్నారు. 1953లో ఆంధ్రులు మద్రాసునుంచి విడిపోయి వేరే రాష్ట్రం తెచ్చుకొన్నారు. మద్రాసు ఎవరిదన్న తగాదా ఎంత తీవ్రంగా జరిగిందో మన పెద్దవాళ్ళకు గుర్తే. ఆ తగాదా నడిచిన తరంలోనే ఈ తెలుగు విద్వాంసుడు అటు వెళ్ళి, శ్రీరంగంలో కాపురం పెట్టి, అక్కడివాడే అనిపించుకొన్నాడు.

శ్రీరంగం మాట వచ్చింది కనుక ఆ గుడిలో వున్న ఒక సంగతి చెప్పాలి. కావేరి, కొళ్ళిడం నదుల మధ్య లంక అది. ఏడు ప్రాకారాల గుడి. ఆ రంగనాథస్వామి ఆవరణలోనే తులుక్క నాచ్చియార్ సన్నిధి వుంది. తులుక్క అంటే తురక అని. ఢిల్లీ సుల్తాను కుమార్తె ఒకామె స్వామి విగ్రహాన్ని ప్రేమించి, దాని వెంట శ్రీరంగం దాకా వచ్చి అక్కడే ఐక్యమైందని కథ. చరిత్రకారులు దీన్ని ఎంతవరకు ఒప్పుకొంటారనేది వేరే మాట. ఆచారం మాత్రం నిలిచి వుంది. ఆమె పేరున స్వామికి రొట్టె నైవేద్యం పెడతారు, లుంగీ కూడా కడతారు. మన తెలుగువారికి తిరుపతి వెంకటేశ్వరుడి బీబీ నాంచారమ్మ కథ కొత్త కాదు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిం కుటుంబాలు గుడికి వెళ్ళి స్వామిని దర్శించుకోవడం ఇప్పటికీ వున్నదే. ఇట్లాంటి ఊళ్ళో, ఇట్లాంటి గుడి నీడన, చినమౌలానాగారి సన్నాయి ఎవరికీ పరాయిగా వినిపించలేదంటే ఆశ్చర్యపడవలసింది లేదు.

మనలో కొందరికి వేరే సందేహం వుంటుందని నాకు తెలుసు. సంగీతమే కూడదని కొందరు ఉలమాలు అంటారు. చిష్తీ సిల్సిలాకు చెందిన బుజుర్గులు ఖవ్వాలీని ఆదరించారు. ఈ భేదాభిప్రాయం ఇవాళ్టిది కాదు, మన సావనీరు పేజీల్లో తేలేది అంతకన్నా కాదు. గుడిలో వాయించడం మీద కూడా అటూ యిటూ మాటలు వచ్చాయి, వస్తాయి. నేను గమనించింది యింతమాత్రం. చినమౌలానాగారు పేరు మార్చుకోలేదు. మతం మార్చుకోలేదు. షేక్ అన్న మాట ముందు, మౌలానా అన్న మాట వెనుక పెట్టుకొనే దేశదేశాల వేదికలెక్కారు. శ్రీలంక, అమెరికా, జర్మనీ ఎక్కడ వాయించినా కరపత్రం మీద ఆ పేరే. తన పేరు తనకు అడ్డమని ఆయన అనుకోలేదు, తన వాద్యం తన దీనుకు అడ్డమనీ అనుకోలేదు. కాశీలో గంగ ఒడ్డున షెహనాయీ వాయించిన ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ సాహెబును (1916–2006) దేశమంతా నెత్తిన పెట్టుకొంది, 2001లో భారతరత్న యిచ్చింది. సన్నాయి అన్న మాటకూ షెహనాయీ అన్న మాటకూ చుట్టరికం వుంది. ఆ యిద్దరు పెద్దమనుషుల బతుకులకూ వున్నట్లే కనిపిస్తుంది. అయితే ఖాన్ సాహెబు ఫోటో మన యిళ్ళల్లో చాలామంది గుర్తుపడతారు. మన పక్క ఊరి చినమౌలానాగారి ఫోటో ఎందరు గుర్తుపడతారు?

బిరుదుల సంగతి క్లుప్తంగా చెప్పి వదులుతాను. 1977లోనే పద్మశ్రీతోపాటు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం కూడా వచ్చింది. 1998 సంవత్సరానికి మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారు సంగీత కళానిధి యిచ్చారు. కర్ణాటక సంగీతంలో అంతకు మించిన గౌరవం లేదని అంటారు. గాత్రం, వీణ, ఫిడేలు వారికి వచ్చినంత సులువుగా అది సన్నాయి వారికి రాదు. సన్నాయి అంటే వీధి వాద్యం, పెళ్ళి వాద్యం అన్న చూపు సభలవారిలో వుంది. కచేరీకి ముందు మంగళవాద్యంగా వాయించి లేచిపొమ్మనడమే గాని, అసలు కచేరీకి కూర్చోబెట్టడం తక్కువ. ఆ చూపు దాటుకొని వచ్చిన గౌరవం కనుక దాని విలువ వేరు. ఆ తరువాత ఎన్నో నెలలు గడవకముందే, 1999 ఏప్రిల్ 13న ఆయన కాలం చేశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

ఇక తాతగారి సంగతి. 1982లో ఆయన శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించారు. పేరులో శారద వుంది, పెట్టినవారి పేరులో మౌలానా వుంది. తాను గురువుల యిళ్ళు వెతుక్కుంటూ రాష్ట్రాలు దాటి పోయినవాడు కనుక, తన తరువాతివారికి ఒక గురువు యిల్లు ముందే సిద్ధం చేసి పెట్టాలనుకొన్నారేమో. సన్నాయి పుస్తకం చూసి నేర్చుకొనే విద్య కాదు. ముందు గొంతుతో పాడాలి. సరళీ వరుసలు పాడి, అవే సన్నాయి మీద ఊదాలి. గురువు ఒక ముక్క వాయిస్తాడు, శిష్యుడు వెనువెంటనే అందుకోవాలి. సన్నాయి మేళంలో యిద్దరు వాయించడం రివాజు. పెద్దాయన రాగం ఎత్తుకొంటే రెండో ఆయన శ్రుతి పట్టుకొని, సందు చూసుకొని, పెద్దాయన విడిచినచోట అందుకొంటాడు. పక్కన కూర్చొని ఊపిరి ఊపిరికీ గమనిస్తేగాని అది అబ్బదు. అందుకే ఈ విద్యలో బడి కన్నా యిల్లు ముఖ్యం, మాస్టారి కన్నా తాత ముఖ్యం.

కాసిం, బాబు ఆయన దగ్గరే నేర్చుకొని, ఆయన పక్కనే కూర్చొని వాయించి, ఆయన తరువాత జంట విద్వాంసులుగా పేరు తెచ్చుకొన్నారు. తాతగారి బాణీ మనుమల ఊపిరిలో వినిపిస్తుందని వారిని విన్న రసికులు చెబుతారు. ఆస్తి పంచి యిచ్చిన తాతలను మనం చూశాం. దావాలు కూడా చూశాం! ఇట్లా ఊపిరి పంచి యిచ్చిన తాత మీద ఎవరు దావా వేయగలరు?

శిష్యుల్లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతుల పేరు తప్పక చెప్పాలి. వీరూ మన ప్రకాశం జిల్లా నేలవారే. భార్యాభర్తలిద్దరూ ఒకే వేదిక మీద కూర్చొని సన్నాయి వాయిస్తారు. మగవాళ్ళకే ఛాతీ నొప్పి పుట్టించే వాద్యం అని పేరుపడ్డదాన్ని ఒక ముస్లిం యిల్లాలు చేపట్టి, మహా విద్వాంసుల వరుసలో కూర్చుంది. మన ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ వాక్యం రెండోసారి చదవవలసిందని నా మనవి. 2020లో ఆ దంపతులకు పద్మశ్రీ ప్రకటించారు. ఆ తరువాత రెండేళ్ళకు, 2022లో, అప్పటి కృష్ణా జిల్లా గోసవీడుకు చెందిన షేక్ హసన్ సాహెబుగారికి మరణానంతరం పద్మశ్రీ వచ్చింది. ఆయన భద్రాచలం రాములవారి సన్నిధిలో సన్నాయి సేవ చేసినవారు. అంటే మూడేళ్ళలో రెండుసార్లు మన సన్నాయి సాయిబులకు దేశం దండం పెట్టింది.

అయితే సుభానీ, కాలీషాబీ దంపతులు కూడా స్థిరపడింది శ్రీరంగంలోనే. గురువు వెళ్ళాడు, శిష్యులూ వెళ్ళారు. మన బిడ్డలు తమిళదేశంలో వెలిగారని మురిసిపోవడం సులువే. ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో కూడా అడగాలి కదా. అక్కడ గుళ్ళల్లో నిత్యం నాదస్వరం కావాలి. ఊరూరా సభలున్నాయి. ఆలాపన గంటసేపు సాగినా కుర్చీలోంచి లేవని శ్రోతలున్నారు. మన వైపు పెళ్ళివారు "కొత్త సినిమా పాట వాయించవయ్యా సాయిబూ" అంటారు. ఇప్పుడు అదీ లేదు, డీజే పెట్టెలు వచ్చాయి, గట్టిమేళానికి సెల్‌ఫోనులో రికార్డు వేసేవారూ వున్నారు. తిరుపతిలో దేవస్థానం వారు నాదస్వరం, డోలు నేర్పడానికి పాఠశాల నడుపుతున్నారు, సంతోషమే. కాని నేర్చుకొన్న పిల్లవాడికి ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరుకుతుంది? మూఢం వస్తే పెళ్ళిళ్ళు లేవు. ఆ నెలల్లో కూలికిపోయే మేళగాళ్ళు, ఆటో తోలుకొనే మేళగాళ్ళు మన జిల్లాల్లో వున్నారు. తండ్రి సన్నాయి గోడకు తగిలించి కొడుకును డిప్లొమాకు పంపితే ఆ తండ్రిని నేను తప్పుపట్టను. ఆకలి ముందు రాగం చిన్నదే.

మన సంక్షేమ సంఘాలు స్కాలర్‌షిప్పులు యిస్తున్నాయి, పేదింటి పెళ్ళిళ్ళకు సాయం చేస్తున్నాయి, వైద్య ఖర్చులకు ఆదుకొంటున్నాయి. సన్నాయి, డోలు నేర్చుకొనే పిల్లలకు కూడా చదువుకొనే పిల్లలతో సమానంగా స్కాలర్‌షిప్ యివ్వవచ్చునా అని కార్యవర్గం ఒకసారి చర్చించాలని కోరుతున్నాను. వద్దనేవారు వుంటారు, వారి మాటా వినాలి. సంగీతం మీద మసాయిల్ వేరు, పొట్టకూటి విద్య వేరు అని నేనంటాను. ఒప్పుకోనివారితో నాకు తగాదా లేదు.

మరొక చిన్న పని మాత్రం ఎవరి తీర్మానమూ లేకుండా చేయవచ్చు. చినమౌలానాగారి పేరు నిలిచింది, ఎందుకంటే ఆయన శ్రీరంగం వెళ్ళారు, పేపర్లు రాశాయి, బిరుదులు వచ్చాయి. ఆయనకు విద్య చెప్పిన చిలకలూరిపేట ఆదం సాహెబుగారి గురించి పుస్తకాల్లో దొరికేది రెండు మూడు వాక్యాలు. ఆదం సాహెబుగారికి విద్య చెప్పినవారి పేరు ఎందరికి తెలుసు? ఇట్లాంటి తాతలు మన పల్లెల్లో ఎంతమంది వుండి వుంటారో. మీ యింట్లో అటక మీద పాత సన్నాయి వున్నా, చిల్లుపడిన డోలు వున్నా, మేళం మధ్యలో తాతగారు కూర్చొన్న పెళ్ళి ఫోటో వున్నా, ఆయన పేరు, ఊరు, గురువు పేరు, ఏ గుళ్ళో ఏ దర్గాలో వాయించేవారో ఒక కాగితం మీద రాసి సొసైటీ ఆఫీసులో యివ్వండి. నానమ్మలు వుంటే ముందు వాళ్ళను అడగండి. వాళ్ళకే ఎక్కువ గుర్తుంటాయి.